ఎనిమిది నెలలు ఒక్క రొయ్యపిల్ల కూడా లేదు: నా అనుభవం

ఇంట్లో గాజు ట్యాంకులో పెంచుకునే చెర్రీ రొయ్యల గురించి ఎవరిని అడిగినా మొదట చెప్పేది ఒకటే మాట: "మీరేమీ చేయనక్కర్లేదు, మూడు నెలలు తిరిగేసరికి ట్యాంకు నిండా పిల్లలే." ఆ ధైర్యంతోనే నలభై లీటర్ల ట్యాంకు పెట్టాను. అడుగున నల్లని సన్న గులకరాళ్లు, ఒక మూల చెట్టువేరు, దానికి దారంతో కట్టిన జావా నాచు, వెనక గోడకు తగిలించిన ఫిల్టరు. ఐదు వారాలు ఖాళీగా నడిపి, రొయ్యలకు విషమైన అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వచ్చాక పన్నెండు రొయ్యలు తెచ్చి వదిలాను. అవి తిన్నాయి, తిరిగాయి, పెంకులు విడిచాయి, రోజురోజుకూ ఎర్రబడ్డాయి. పిల్లలు మాత్రం లేవు. అలా ఎనిమిది నెలలు గడిచాయి.

"రొయ్యలు పిల్లలు పెట్టడం లేదు" అంటే వినేవాళ్లకు ఒకే సమస్యలా వినిపిస్తుంది. మూడు వేరువేరు సంగతులను మనం ఆ ఒక్క మాటతో చెప్పేస్తాం. అసలు గుడ్లే రాకపోవడం ఒకటి. వచ్చిన గుడ్లు పొదగకముందే పోవడం ఇంకొకటి. పొదిగిన పిల్లలు కనిపించకుండా పోవడం మూడోది. దేని కారణాలు దానివి. నా ట్యాంకులో ఈ మూడూ ఒకదాని వెనక ఒకటి దాక్కుని ఉన్నాయి. మొదటిది తొలగితేనే రెండోది బయటపడింది, రెండోది తొలగాకే మూడోది.

ఇది తెలియక మొదటి నాలుగు నెలలు చేతికందినదల్లా మార్చాను. మేత మార్చాను, హీటరు పెట్టి తీశాను, ఎండు బాదం ఆకులు వేశాను, మొక్కల ఎరువులో రాగి ఉందని చదివి నెల రోజులు ఎరువు మానేశాను. రాగి భయం పూర్తిగా తప్పు కాదు. కాపర్ సల్ఫేట్ ఉన్న చేపల మందు రొయ్యలకు విషమే, ఆ మందు వాడిన ట్యాంకులో రొయ్యలను వేసేముందు బాగా ఆలోచించాలి. కానీ మొక్కల ఎరువును సీసా మీద చెప్పిన మోతాదులో వేస్తే అందులో ఉండే రాగి చాలా స్వల్పం. నా సమస్య అది కాదు. ఒకేసారి నాలుగు మార్పులు చేసినందువల్ల ఏది పనిచేసిందో, ఏది చెడగొట్టిందో తెలుసుకునే దారి లేకుండా పోయింది. అప్పుడే ఒక నోటుపుస్తకం మొదలుపెట్టాను. తేదీ, నీళ్ల వేడి, మార్చిన నీళ్లు, కనిపించిన పెంకులు, చనిపోయిన రొయ్యలు. ఆ పుస్తకమే తర్వాత నన్ను కాపాడింది.

మొదటి ముడి విప్పింది మా చెల్లెలు. ఒకరోజు ట్యాంకు ముందు కూర్చుని చాలాసేపు చూసి, "అక్కా, ఇవన్నీ ఒకేలా ఉన్నాయి. వీటిలో మగవి ఏవి?" అని అడిగింది. నా దగ్గర సమాధానం లేదు.

ఆ సాయంత్రం రొయ్యలను ఒక్కొక్కటిగా తెల్లని గిన్నెలోకి తీసి చూశాను. తెల్లని గిన్నె ఎందుకంటే, నల్లని రాళ్ల మీద కనిపించని పొట్ట అంచు దానిలో స్పష్టంగా తెలుస్తుంది. ఆడరొయ్య పెద్దది, రంగు చిక్కన, పొట్ట కింద అంచు గిన్నెలా వంగి ఉంటుంది, ఎందుకంటే గుడ్లను అక్కడే మోయాలి. మగది చిన్నది, సన్నగా, రంగు పలచగా, పొట్ట అంచు తిన్నగా ఉంటుంది. ఎదిగిన ఆడదాని తల వెనక, వీపు మీద, గుర్రానికి వేసే జీను ఆకారంలో పసుపుపచ్చగా ఒక మచ్చ కనిపిస్తుంది. అది అండాశయంలో తయారవుతున్న గుడ్లు. పెంపకందార్లు దాన్ని శాడిల్ అంటారు. నా రొయ్యల్లో పదకొండింటికి ఆ జీను ఉంది. పన్నెండోదానికి లేదు గానీ పొట్ట మాత్రం వంగే ఉంది. అంటే అది ఇంకా ఎదగని ఆడపిల్ల.

కొనేటప్పుడు నేనేం చేశానో అప్పుడు గుర్తొచ్చింది. ట్యాంకులో వేలు చూపించి "ఆ పెద్దది, ఆ ఎర్రది" అని ఏరి ఏరి తెచ్చుకున్నాను. బాగా ఎర్రగా, పెద్దగా ఉండేవి ఆడవే కదా! కొత్తగా కొనేవాళ్లకు నేను చెప్పేది ఇది: అందమైనవి ఏరుకోకండి, రంగు తక్కువైనవి, సన్ననివి కూడా కొన్ని అడిగి తీసుకోండి. ఇంకా ముందు, మీ దగ్గర ఉన్నది ఏ జాతో తెలుసుకోండి. చెర్రీ రొయ్య, అంటే నియోకారిడినా డేవిడి, గుడ్డులోంచే తల్లి రూపంలో బయటికొస్తుంది. అమానో రొయ్య అలా కాదు. దాని పిల్లలు లార్వాలుగా పుడతాయి, అవి పెరగడానికి ఉప్పునీళ్లు కావాలి. మంచినీళ్ల ట్యాంకులో అమానోలను పెట్టుకుని ఏళ్లు ఎదురుచూసినా ఫలితం ఉండదు.

ఐదు మగరొయ్యలు తెచ్చాను. పదో రోజు రాత్రి ట్యాంకంతా గందరగోళం. ఐదూ నిలకడ లేకుండా పైకీ కిందికీ, ఈ గోడ నుంచి ఆ గోడకు పిచ్చిగా ఈదుతున్నాయి. నీళ్లలో ఏదో విషం పడిందని వణికిపోయాను. నాచు పక్కన అద్దంలా మెరిసే ఖాళీ పెంకు ఒకటి కనిపించాక విషయం అర్థమైంది. ఆడరొయ్య పెంకు విడిచిన వెంటనే, ఒళ్లు మెత్తగా ఉన్నప్పుడే జత కడుతుంది. ఆ సమయంలో అది నీళ్లలోకి వదిలే రసాయన సంకేతం కోసం మగవి అలా వెతుకుతాయి. తెల్లవారి చూస్తే ఒక ఆడదాని వీపు మీది జీను మాయమై, పొట్ట కింద పసుపుపచ్చని గుడ్ల గుత్తి ఉంది. ఇరవై పైనే ఉంటాయి. అది ఈదే కాళ్లతో వాటిని ఆపకుండా విసురుతోంది. ఎప్పుడైనా ఒక్కక్షణం ఆగి, ముందు కాళ్లతో ఒక గుడ్డును పట్టుకుని తుడిచి, మళ్లీ విసరడం మొదలుపెట్టేది. ఎంతసేపు చూశానో నాకే తెలియదు.

చెర్రీ రొయ్య గుడ్లను నీళ్ల వేడిని బట్టి సుమారు మూడు నుంచి నాలుగు వారాలు మోస్తుంది. నా రొయ్య ఎనిమిదో రోజుకు ఖాళీ అయింది.

తర్వాతి రెండు నెలలు అదే తంతు. గుడ్లు రావడం, వారం తిరగకుండా పోవడం. ఒకసారి గులకరాళ్ల మధ్య చెల్లాచెదురుగా పద్నాలుగు గుడ్లు దొరికాయి. డ్రాపరుతో పీల్చి, చిన్న వల పెట్టెలో వేసి, కింద నుంచి గాలిబుడగలు వదిలి అవి కదులుతూ ఉండేలా చూశాను. మూడో రోజుకు ఒక్కో గుడ్డు చుట్టూ దూదిలాంటి తెల్లని బూజు. ఒక్కటీ మిగల్లేదు. కొందరు ఇలా గుడ్లను బతికించుకున్నారు, కానీ తల్లి కాళ్లు చేసే పనిని గాలిబుడగలు అంత బాగా చేయలేవు. ఇంకోసారి విడిచిన పెంకుకే గుడ్లు అంటుకుని ఉన్నాయి. గుడ్లు అతుక్కునేది ఈదే కాళ్ల మీది పెంకుకే కాబట్టి, మోస్తున్న సమయంలో తల్లి పెంకు విడిస్తే దాంతో పాటే గుడ్లూ పోతాయి. అంటే ఆ రొయ్య విడవకూడని సమయంలో పెంకు విడిచింది. ఎందుకు?

ఈలోగా రెండు ఆడరొయ్యలు చనిపోయాయి. రెండింటికీ తల, మొండెం కలిసే చోట చుట్టూ తెల్లని గీత. మామూలుగా పెంకు వీపు వైపు ఒకచోట తెరుచుకుంటుంది, రొయ్య ఒక్క ఉదుటున వెనక్కి దూకి బయటపడుతుంది. పెంకు చుట్టూ వలయంలా పగిలితే దానికి బయటపడే దారి ఉండదు, సగంలో ఇరుక్కుంటుంది.

నీళ్లలో తప్పు లేదని నా నమ్మకం. నీళ్లలో కరిగినవన్నీ కలిపి ఎంతో చెప్పే టీడీఎస్ మీటరు పెడితే 190 చూపించేది, ఈ రొయ్యలకు 150 నుంచి 250 వరకు మంచిదని అందరూ అంటారు. చాలా ఏళ్లుగా రొయ్యలు పెంచుతున్న ఒక పెద్దాయనకు ఫోను చేసి ఇదే చెప్పాను. ఆయన మధ్యలోనే ఆపి, "టీడీఎస్ సంగతి పక్కన పెట్టమ్మా. కాఠిన్యత ఎంతుందో చెప్పు" అన్నారు. ఎప్పుడూ కొలవలేదన్నాను. "కొలిచి, అప్పుడు చెయ్యి" అని పెట్టేశారు.

కాఠిన్యత అంటే నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియంల కొలత. దాన్ని తెలుసుకునే పరీక్ష చాలా సులువు. గాజు గొట్టంలో ఐదు మిల్లీలీటర్ల నీళ్లు పోసి, మందు ఒక్కో చుక్కగా వేసి కలపాలి. మొదట నారింజ రంగు వస్తుంది. ఎన్నో చుక్కకు అది ఆకుపచ్చగా మారితే, కాఠిన్యత అన్ని డిగ్రీలు. చెర్రీ రొయ్యలకు ఆరు నుంచి పది డిగ్రీలు ఉండాలంటారు. ఏడెనిమిది చుక్కలు పడతాయనుకుంటూ మొదటి చుక్క వేశాను, నారింజ. రెండో చుక్క వేసి గొట్టం ఊపాను. పచ్చగా అయిపోయింది. నమ్మకం కలగక మళ్లీ నీళ్లు తీసి చేశాను. మళ్లీ రెండే.

టీడీఎస్ నీళ్లలో కరిగినవి మొత్తం ఎంతో చెబుతుంది, ఏమేమి కరిగాయో చెప్పదు. నా 190లో సింహభాగం మొక్కల ఎరువు, మిగిలిపోయిన మేత, వ్యర్థాలు కుళ్లగా తయారయ్యే నైట్రేట్. అప్పుడే కొలిస్తే నైట్రేట్ 40 పీపీఎం వచ్చింది. పెంకు కట్టుకోవడానికి రొయ్యకు కావలసిన కాల్షియం, మెగ్నీషియం దాదాపు లేవు. ఉండవు కూడా, ఎందుకంటే నేను పోసేది ఆర్‌ఓ నీళ్లు. మనం తాగడానికి శుద్ధి చేసిన ఆ నీళ్లలోంచి రొయ్యకు ప్రాణాధారమైన ఖనిజాలు ముందే వెళ్లిపోయాయి.

నోటుపుస్తకం తిరగేశాను. నేను నెలకోసారి సగం నీళ్లు మార్చేదాన్ని. మార్చేముందు టీడీఎస్ 240, మార్చాక 140. రెండు చావులూ, పెంకుతో పాటు గుడ్లు పోయిన రోజూ, అన్నీ నీళ్లు మార్చిన మూడు రోజుల్లోపే. ట్యాంకు శుభ్రంగా ఉండాలని నేను ఇష్టంగా చేసిన పనే వాటికి గండమైంది. నీళ్ల గుణం ఒక్కసారిగా అంత మారితే రొయ్యలు అకాలంగా పెంకు విడుస్తాయని పెంపకందార్లంతా అనుభవం మీద చెబుతారు. సిద్ధంగా లేని ఒంటితో, కాల్షియం లేని నీళ్లలో ఆ పని చేయాల్సి వస్తే ఏమవుతుందో నా పుస్తకంలో తేదీలతో సహా ఉంది.

దిద్దుబాటు నాలుగు వారాలు పట్టింది. రొయ్యల కోసం అమ్మే ఖనిజాల పొడిని ఆర్‌ఓ నీళ్లలో కలిపి కాఠిన్యత పది డిగ్రీలకు తెచ్చాను. వారానికి రెండుసార్లు నాలుగేసి లీటర్లు తీసి, ఈ నీళ్లు నాలుగు లీటర్లు పోశాను. అదీ బకెట్‌తో కుమ్మరించకుండా, గాలిగొట్టానికి ముడి వేసి, గంటన్నరపాటు చుక్కలు చుక్కలుగా దిగేలా పెట్టాను. ఒక్కరోజులో రెండు నుంచి ఏడుకు తీసుకెళ్లి ఉంటే ఇంకా కొన్నింటిని పోగొట్టుకునేదాన్ని. పైకి వెళ్లినా కిందికి వెళ్లినా ఎగుడుదిగుడు ఎగుడుదిగుడే. నాలుగో వారం చివర పరీక్ష గొట్టం ఏడో చుక్కకు పచ్చబడింది. నైట్రేట్ 15 దగ్గరకు దిగింది. విడిచిన పెంకులను తీసేయడం కూడా మానేశాను, వాటిని అవే తినేస్తాయి, అందులోని కాల్షియం మళ్లీ వాటికే చేరుతుంది. ఆ తర్వాత తెల్లగీతతో ఒక్క రొయ్య కూడా పోలేదు.

తర్వాత గుడ్లు వేసిన రొయ్య వాటిని పదో రోజు దాటించింది, పదిహేను దాటించింది. ఇరవయ్యో రోజు టార్చి వెలుగులో చూస్తే ఒక్కో గుడ్డులో రెండేసి నల్లచుక్కలు. పిల్లల కళ్లు. ఇంకో నాలుగు రోజులకు పొట్ట ఖాళీ అయింది. రాళ్ల మధ్య గుడ్లు లేవు, పెంకుకు అంటుకుని లేవు. అంటే పొదిగాయి. కానీ భూతద్దం పెట్టి నాచంతా వెతికినా ఒక్క పిల్ల లేదు. వారం రోజులు ప్రతి రాత్రీ వెతికాను. మొదటి రెండు అడ్డంకులూ తొలగాయని సంతోషపడిన మనసు ఇంకా కుంగిపోయింది.

ఫిల్టరు నుంచి నీళ్లు సన్నగా పడుతున్నాయని, కడుగుదామని దాని మూత తీశాను. పెట్టె అడుగున గోధుమరంగు మడ్డి. ఆ మడ్డిలో ఏదో చటుక్కున దూకింది. పురుగనుకున్నాను. వెలుగు దగ్గరగా పెట్టి చూస్తే, బియ్యపుగింజలో సగం కూడా లేని రొయ్య, మీసాలతో, కాళ్లతో, కళ్లతో సహా, అన్నీ ఉన్న రొయ్య! పక్కన ఇంకొకటి. చెంచాతో ఒక్కొక్కటే ఎత్తుతూ లెక్కపెట్టాను. ఏడు. చేతులు వణుకుతున్నాయి, ఎక్కడ నలిపేస్తానోనని. పుట్టినప్పుడు రెండు మిల్లీమీటర్లుండే పిల్లలకు ఫిల్టరు గొట్టం చీలికలు సింహద్వారంలాంటివి. నీళ్లతో పాటు లోపలికి కొట్టుకుపోయాయి. కొన్ని పంపులో పోయి ఉంటాయి. ఈ ఏడూ మాత్రం వేటాడేవాళ్లు లేని చోట, తిన్నంత మడ్డి మధ్య, హాయిగా పెరుగుతున్నాయి.

అదే రోజు గొట్టం మూతికి సన్నరంధ్రాల స్పాంజి తొడిగాను. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు గాలిపంపుతో నడిచే స్పాంజి ఫిల్టరే పెట్టుకుంటే ఈ బాధే ఉండదు, పైగా ఆ స్పాంజి మీద పేరుకునే సూక్ష్మజీవుల పొర పిల్లలకు మొదటి మేత. పుట్టిన పిల్లలు మేత కోసం దూరం వెళ్లవు. ఉన్నచోటే రాయి మీద, ఆకు మీద, నాచు మీద ఆ పలుచని జిగురుపొరను గీరుకుని తింటాయి. నేనేమో వారం వారం నాలుగు గోడలూ తళతళలాడేలా తోమేదాన్ని. ఇప్పుడు ముందు అద్దం ఒక్కటే తుడుస్తాను. మేత పొడి వేస్తాను గానీ చిటికెలో సగం. ఎక్కువ వేస్తే మిగిలినది కుళ్లడమే కాకుండా ప్లనేరియా అనే చదును పురుగులు పుట్టుకొస్తాయి, పిల్లలకు వాటితో ప్రమాదం. ట్యాంకులో మొదటి నుంచీ ఉన్న నాలుగు నియాన్ టెట్రా చేపలను కూడా వేరే ట్యాంకుకు మార్చాను. పెద్ద రొయ్యల జోలికి వెళ్లని చేప, నోట్లో పట్టే పిల్లను వదిలిపెట్టదు.

తర్వాతి కాన్పులో నాచు మీద పిల్లలను నేను లెక్కపెట్టలేకపోయాను. టార్చి వేయగానే నాచంతా కదిలింది.

ఎండాకాలంలో మళ్లీ ఒకసారి గుడ్లు ఆగిపోయాయి, కానీ ఈసారి ఎక్కడ చూడాలో తెలుసు. పుస్తకంలో నీళ్ల వేడి 31 డిగ్రీలు అని వరుసగా తొమ్మిది రోజులు రాసి ఉంది. వేడినీళ్లలో ప్రాణవాయువు తక్కువగా కరుగుతుంది, రొయ్య ఒంటికి అది ఎక్కువ కావాలి. నీళ్ల మీదికి గాలి తగిలేలా చిన్న ఫ్యాను పెట్టాను, 28కి దిగింది. ఫ్యానుతో రోజూ అర లీటరుకు పైగా ఆవిరవుతుంది. ఆవిరయ్యేవి నీళ్లే, ఖనిజాలు ట్యాంకులోనే ఉంటాయి. అందుకే తగ్గిన మేరకు ఒట్టి ఆర్‌ఓ నీళ్లు పోయాలి, పొడి కలిపినవి కాదు. నీళ్లు మార్చేటప్పుడు మాత్రం పొడి కలిపినవే. ఈ రెంటినీ కలిపేసుకుంటే కాఠిన్యత చూస్తుండగానే పెరిగిపోతుంది. వేడికి ఇంకో ఫలితం కూడా ఉంది: ఈ జాతిలో ఎక్కువ వేడిలో పెరిగిన పిల్లల్లో మగవి ఎక్కువగా, చల్లని నీళ్లలో పెరిగినవాటిలో ఆడవి ఎక్కువగా వస్తాయని పరిశోధనల్లో తేలింది. ఆ ఎండల్లో పెరిగిన నా పిల్లలు ఎటు మొగ్గుతాయో ఇంకొంచెం ఎదిగితే గానీ తెలియదు.

ఫిల్టరు పెట్టెలో దొరికిన ఆ ఏడింటినీ మొదట్లో వల పెట్టెలో విడిగా పెంచాను. వాటిలో నాలుగు ఆడవి. ఒకటి పోయిన నెల మొదటిసారి గుడ్లు వేసి, ఐదో రోజుకే అన్నీ రాల్చేసింది. వెంటనే కాఠిన్యత చూశాను, ఏడు. నైట్రేట్ చూశాను, పది. నీళ్లు మార్చి తొమ్మిది రోజులైంది. మొదటి కాన్పులో కొన్ని అలా రాలుస్తాయని తెలుసు కాబట్టి ఈసారి నేనేమీ ముట్టుకోలేదు. మొన్న అది మళ్లీ గుడ్లు వేసింది. నిన్న రాత్రి చెట్టువేరు కింద నీడలో కూర్చుని, ఒక గుడ్డును ముందు కాళ్లతో పట్టుకుని తుడుస్తూ కనిపించింది, అచ్చం వాళ్లమ్మలాగే.